మందు పడిందా అని కూడా అడగండి

మలేరియా మందుల విధానం నిర్ణయించే పెద్దలకు ఒక బహిరంగ లేఖ

జాతీయ కీటకజనిత వ్యాధుల నియంత్రణ కేంద్రం నిపుణులకు, జాతీయ మలేరియా పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలకు, ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖలో మలేరియా పని చూసే అధికారులకు,

నమస్కారం.

నేను విశాఖ మన్యంలో, ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఫార్మసిస్టుగా పని చేసి రిటైరైనవాణ్ణి. వేలి మీద సూది గుచ్చి రక్తపు చుక్క తీసేది ఆశా కార్యకర్త. మందు రాసేది డాక్టరు గారు. మాత్రల అట్ట చేతిలో పెట్టి, ఏ పూట ఎన్ని మింగాలో చెప్పి పంపేది నేను. నా మాటలన్నీ ఆ మందుల కిటికీ దగ్గర నేర్చుకున్నవే.

మన భాషలో మందు గురించి రెండు వేర్వేరు మాటలున్నాయి. ఒకటి, మందు పని చేసింది. రెండు, మందు పడింది. పని చేసే మందు ఒంటికి పడకపోవచ్చు. హాయిగా పడిన మందు పని చేయకపోవచ్చు. కిటికీ దగ్గరకు వచ్చే ప్రతి తల్లికీ ఈ తేడా తెలుసు. మలేరియాకు ఏ జోడు మందు, అంటే రెండు మందులు కలిపిన ఏ జోడీ, ఇవ్వాలో తేల్చేటప్పుడు మీ ముందుకు వచ్చే పట్టికల్లో మొదటి మాటకు పెద్ద అంకె ఉంటుంది. రెండో మాట ఎక్కడో కింద, చిన్న అక్షరాల్లో, “మందును రోగులు బాగానే తట్టుకున్నారు” అన్న ఒక్క వాక్యంతో సరిపెడతారు. ఆ వాక్యం వెనక ఏముందో అడగమని మిమ్మల్ని వేడుకోవడానికే ఈ లేఖ.

ఒక వానాకాలం ఆశా కార్యకర్తతో కలిసి గెడ్డ దాటి ఒక కొండ మీది ఊరికి వెళ్ళాను. ఆ ఇంట్లో నాలుగేళ్ళ పిల్లకు మూడు వారాల కిందట చలిజ్వరం వచ్చింది. సంతకు తీసుకెళ్ళినప్పుడు అక్కడే ఒక ప్రైవేటు ల్యాబులో పరీక్ష చేయించారు. ప్రాణం మీదికి తెచ్చే ఫాల్సిపారం రకం మలేరియా అని తేలింది. పక్కనే ఉన్న షాపులో ఆర్టిమీథర్, ల్యూమెఫాంట్రిన్ కలిపిన మాత్రలు కొన్నారు. మందు సరైనదే. మోతాదూ సరైనదే: పూటకొక మాత్ర, రోజుకు రెండు పూటలు, మూడు రోజులు, మొత్తం ఆరు.

“మాత్రలన్నీ వేశావా అమ్మా?” అని అడిగాను. ఆమె లేచి చూరులోంచి అడ్డాకు పొట్లం తీసి విప్పింది. అట్టలో మూడు మాత్రలు అలాగే ఉన్నాయి.

“రెండుసార్లు కక్కీసింది బాబూ. రెండో నాటికి జొరం దిగిపోనాది. మళ్ళీ మింగిస్తే తాగిన అంబలి కూడా కక్కీస్తాదని ఆపీసినాను. ఇంకోసారి జొరమొస్తే పనికొస్తాయని దాసినాను.”

ఆ తల్లి మాటల్లో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. పిల్ల కడుపులో నాలుగు మెతుకులు నిలవాలనుకుంది. డబ్బు పెట్టి కొన్న మందును పారేయలేదు. ఆ రోజు పిల్ల ఆమె ఒళ్ళోనే ఉంది, మళ్ళీ ఒళ్ళు కాలిపోతోంది. మలేరియా పరీక్ష కిట్టులో గీత పడింది. నయమైన తర్వాత కూడా కొన్ని వారాల పాటు ఆ గీత పడుతూనే ఉంటుంది కాబట్టి దాన్ని నమ్ముకోకుండా స్లైడు కూడా తీశాం. స్లైడులో క్రిములు కనిపించాయి.

ఇప్పుడు ఇదే పిల్ల ఒక మందు పరీక్షలో చేరి ఉంటే ఏమయ్యేదో చూడండి. ప్రతి మోతాదూ ఆరోగ్య కార్యకర్త కళ్ళ ముందే వేసేవారు. అరగంట లోపు కక్కితే మళ్ళీ పూర్తి మోతాదు ఇచ్చేవారు. అదీ కక్కితే పిల్లను పరీక్షలోంచి తప్పించి వేరే మందుతో కాపాడేవారు. అలా చేయడమే న్యాయం, పిల్ల ప్రాణం కన్నా లెక్క ముఖ్యం కాదు. కానీ అలా తప్పించిన పిల్ల, ఎందరికి నయమైందో 28వ రోజున తేల్చే లెక్కలోకి రాదు. ఆ తర్వాత వంద మందిలో 97 మందికి నయమైందని రాస్తే, ఆ వందలో కక్కిన పిల్ల లేదు. మందు పడనివాళ్ళను పక్కన పెట్టాక మిగిలినవాళ్ళలో మందు ఎంత పని చేసిందన్నదే ఆ అంకె. అది అబద్ధం కాదు. మందుకు ఎంత సత్తువ ఉందో తెలుసుకోవడానికి ఆ అంకె కావాలి. మా ఊళ్ళో ఆ మందుతో ఎందరు లేచి తిరుగుతారో మాత్రం అది చెప్పదు.

ఇంకో సంగతి ఉంది. జ్వరం తిరిగొచ్చినప్పుడు అది పాత క్రిమే తిరగబెట్టిందా, కొత్త దోమ కుట్టిందా అని క్రిమి జన్యువులను పోల్చే పీసీఆర్ పరీక్షతో తేల్చి, కొత్తదైతే మందు వైఫల్యం కింద రాయరు. శాస్త్రానికి అది అవసరమే. దోమ చేసిన పనికి మందును నిందించకూడదు. కానీ ఆ పిల్ల తల్లికి రెండూ ఒకటే జ్వరం, రెండూ ఒకేలా పోయిన కూలి రోజులు. అందుకే రెండు అంకెలూ, కొత్త కాట్లను తీసేసి సవరించినదీ సవరించనిదీ, పక్కపక్కనే చూడాలంటాను.

దీనికి మంచి ఉదాహరణ ఆఫ్రికాలో ఉంది. 2007 నుంచి 2009 దాకా ఏడు దేశాల్లో 4,116 మంది చిన్నపిల్లల మీద నాలుగు జోడు మందులను పోల్చారు. ఫలితాలు 2011లో అచ్చయ్యాయి. పీసీఆర్‌తో సవరించాక మూడు జోడీలు, అంటే ఆర్టిమీథర్-ల్యూమెఫాంట్రిన్, ఆర్టిసునేట్-అమోడయాక్విన్, డైహైడ్రోఆర్టిమిసినిన్-పైపెరాక్విన్, మూడూ 95 శాతం దాటి నిలిచాయి. అంతవరకే చదివితే ఏది తీసుకున్నా ఒకటే అనిపిస్తుంది. సవరించని లెక్క చూస్తే కథ వేరు. నెల తిరక్కుండా మళ్ళీ జ్వరపడిన పిల్లలు పైపెరాక్విన్ జోడీలో అందరికన్నా తక్కువ, ల్యూమెఫాంట్రిన్ జోడీలో ఎక్కువ. కారణం తెలిసిందే. ల్యూమెఫాంట్రిన్ కొద్ది రోజుల్లో ఒంట్లోంచి దిగిపోతుంది. పైపెరాక్విన్ వారాల తరబడి ఉండి కొత్త కాటు నుంచి కూడా కాస్తుంది. అయితే పలచబడి అలా మిగిలిపోయిన మందులోనే క్రిమి మొండితనం నేర్చుకునే ప్రమాదం కూడా ఉంది.

ఆ పోలికలోని నాలుగో జోడీ గతి ఏమైందో కూడా చెప్పాలి. క్లోర్‌ప్రోగ్వానిల్, డాప్సోన్‌లకు ఆర్టిసునేట్ కలిపిన మందు అది. జీ6పీడీ అనే ఎంజైము లోపమున్న పిల్లల్లో డాప్సోన్ వల్ల ఎర్ర రక్తకణాలు చితికి రక్తం పడిపోతోందని తేలింది. 2008లో తయారీదారు ఆ మందు అభివృద్ధినే ఆపేసింది. అప్పటికే మార్కెట్లో ఉన్న లాప్‌డాప్ అనే క్లోర్‌ప్రోగ్వానిల్-డాప్సోన్ మాత్రను కూడా వెనక్కి తీసుకుంది. క్రిమిని చంపడం చేతకాక పోయిన మందు కాదది. ఒంటికి పడకే పోయింది.

మూడో రోజు మాత్ర గురించి ఇంత పట్టుబట్టడానికి కారణముంది. మీకు తెలిసినదే అయినా, ఈ లేఖ చదివే మా ఊరివాళ్ళ కోసం చెబుతున్నాను. జోడీలో మొదటిదైన ఆర్టిమిసినిన్ జాతి మందు (ఆర్టిమీథర్, ఆర్టిసునేట్ లాంటిది) గొడ్డలి లాంటిది. క్రిమి ఒక తరం పెరగడానికి పట్టే రెండు రోజుల్లో పదివేలకు ఒకటే మిగిలేలా నరికేస్తుంది. జ్వరం ఒక్క రోజులో జారిపోయేది అందుకే. కానీ ఆ మందు ఒంట్లో కొన్ని గంటలే ఉంటుంది. మూడు రోజులు వేస్తే రెండు తరాల మీద దెబ్బ పడుతుంది. ఆ తర్వాత మిగిలిన గుప్పెడు క్రిములను జోడీలోని రెండో మందు నిదానంగా ఏరివేస్తుంది. రెండో నాడు ఆపేస్తే ఒక తరం తప్పించుకుంటుంది, రెండో మందు మీద మోయలేని బరువు పడుతుంది. ఒంటరిగా ఆర్టిమిసినిన్ మాత్రలు ఇవ్వకూడదని ప్రపంచ ఆరోగ్య సభ 2007లో తీర్మానించింది. జోడీలో సగం మింగి ఆపేసిన ఇంట్లో కూడా జరిగేది ఇంచుమించు అదే. రోగికి బాగా తెరిపి ఇచ్చే మందు కాబట్టే మధ్యలో ఆపేయడం తేలిక. దీనికి విరుగుడు పడే మందును ఎంచడం, మూడో నాడు ఇంటికి వెళ్ళి చూడడం.

ఇక ఒక్కో జోడీ కిటికీ దగ్గర ఎలా ఉంటుందో చెబుతాను.

నా సర్వీసులో ఎక్కువగా ఇచ్చింది ఆర్టిసునేట్‌తో సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్, మేము ఎస్పీ అనేది. దాని అట్టలకు వయసును బట్టి రంగులు. ఏడాది లోపు గులాబీ, 1 నుంచి 4 ఏళ్ళకు పసుపు, 5 నుంచి 8కి ఆకుపచ్చ, 9 నుంచి 14కు ఎరుపు, 15 దాటితే తెలుపు. చదువు రానివాళ్ళకు ఆ రంగే చీటీ. తెల్ల అట్టలో రోజుకొక ఆర్టిసునేట్ మాత్ర, మొదటి రోజే రెండు ఎస్పీ మాత్రలు. రెండో రోజు విడిగా ప్రైమాక్విన్. ఇంత తేలికైన మోతాదు ఇంకొకటి చూడలేదు. ముఖ్యమైన రెండో మందు మొదటి రోజే, మా కళ్ళ ముందే కడుపులోకి పోయేది. వాంతులు తక్కువ. సల్ఫా పడనివాళ్ళకు మాత్రం ఇవ్వకూడదు. అరుదే అయినా చర్మం ఊడివచ్చేంత ప్రమాదం ఉంది. ప్రతి ఒక్కరినీ “ఇంతకు ముందు ఏదైనా మాత్రకు ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయా?” అని అడగకుండా ఇచ్చేవాణ్ణి కాదు.

కానీ పడినంత మాత్రాన సరిపోదని మనకు నేర్పిందీ ఈ జోడీయే. అస్సాంలోని కార్బీ ఆంగ్లాంగ్‌లో 1973లో క్లోరోక్విన్‌కు, 1979లో అక్కడే ఎస్పీకి క్రిమి లొంగడం మానేసింది. 2010లో ఆర్టిసునేట్-ఎస్పీని దేశమంతటా ఫాల్సిపారానికి మందుగా చేశారు. మూడేళ్ళకే, 2013లో, ఈశాన్య రాష్ట్రాల్లో దాన్ని పక్కన పెట్టి ఆర్టిమీథర్-ల్యూమెఫాంట్రిన్‌కు మారారు. వైఫల్యం పది శాతం దాటితే మందు మార్చాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన గీత. ఆ గీత దగ్గర మీరు వెనకాడలేదు. దానికి చేతులెత్తి నమస్కరిస్తాను.

కంబోడియా సంగతి ఇంకా గట్టి పాఠం. రోజుకొకసారి, మూడు రోజులు చాలు, వాంతులు తక్కువ, పైపెరాక్విన్ జోడీ కన్నా వీలైన మందు లేదనుకున్నారు. కొన్నేళ్ళకే అక్కడి క్రిమి ఆర్టిమిసినిన్‌కూ మొండికేసింది, పైపెరాక్విన్‌కూ మొండికేసింది. 2020లో అచ్చయిన ఒక పెద్ద పరీక్షలో కంబోడియా, థాయ్‌లాండ్, వియత్నాంలలో ఆ జోడీ 42వ రోజుకు సగం మందికి కూడా నయం చేయలేకపోయింది. దానికే మెఫ్లోక్విన్‌ను మూడో మందుగా కలిపితే నూటికి 97 మందికి పైగా నయమైంది. వాంతులు కాస్త పెరిగాయి. అక్కడ ఆ కాస్త వాంతులు ఓర్చుకోదగ్గవే. పడటాన్ని మాత్రమే చూడమని నేను అనడం లేదు. తక్కెడకు రెండు సిబ్బెలూ ఉండాలంటున్నాను.

ఆర్టిమీథర్-ల్యూమెఫాంట్రిన్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, మా పిల్ల కథ అదే కాబట్టి. మందు బలమైనది. రెండు మందులూ ఒకే మాత్రలో ఉంటాయి కాబట్టి ఒకటి మింగి ఇంకొకటి వదిలేయడం కుదరదు. కానీ పెద్దవాళ్ళకు పూటకు నాలుగు చొప్పున మొత్తం 24 మాత్రలు. మొదటి మోతాదు తర్వాత ఎనిమిది గంటలకు రెండోది. గడియారం లేని ఇంట్లో ఎనిమిది గంటలంటే ఏమిటో చెప్పడానికి “పొద్దు ఇక్కడున్నప్పుడు ఇది, పొద్దు అక్కడ గుంకాక ఇది” అని చేయి చూపించి చెప్పేవాణ్ణి. అన్నిటికన్నా పెద్ద చిక్కు తిండిది. ల్యూమెఫాంట్రిన్ నూనెలో కరిగే మందు. కొవ్వు తగలకపోతే పేగులోంచి రక్తంలోకి సరిగా ఎక్కదు. ఒక కప్పు పాలలో ఉండేపాటి కొవ్వు చాలు, కానీ అదైనా ఉండాలి. అందుకే అట్ట మీద పాలతోనో భోజనంతోనో వేసుకోమని రాస్తారు.

మన్యంలో చాలా ఇళ్ళలో పశువులున్నా పాలు పిండే అలవాటు లేదు. జ్వరం వచ్చిన మనిషికి ఇచ్చేది చోడి అంబలి, లేదా గంజి. అందులో కొవ్వు అన్నమాటే లేదు. అంటే సరిగ్గా జ్వరంతో నోరు చేదై, ఏదీ సయించని మూడు రోజుల్లో ఈ మందు కొవ్వు అడుగుతుంది. మింగినా మందు ఒంటికి పట్టదు. అప్పుడు పరీక్షలో 97 శాతం చూపిన మందు ఊళ్ళో ఎంత చూపుతుందో మీరే చెప్పాలి. ఉపాయం లేకపోలేదు. అరకు వైపు పచ్చగా పూసే వలిసెలు మా నూనె గింజే. వలిసె నూనె ఒక చెంచా అంబలిలో కలిపినా, పిల్లకు గుప్పెడు వేరుశెనగ గింజలు పెట్టినా ఆ కొవ్వు వస్తుంది. “పాలతో” అని అచ్చు వేసే చోట ఈ ఒక్క ముక్క వేస్తే చాలు. ఇది ఢిల్లీలో తట్టదు, తట్టనందుకు తప్పు పట్టను. మమ్మల్ని అడిగితే చెబుతాం.

పైపెరాక్విన్ జోడీది దీనికి సరిగ్గా ఎదురు. కొవ్వు తిండితో వేసుకుంటే అది రక్తంలో మరీ ఎక్కువ చేరుతుంది, గుండె లయ మీద ప్రభావం పెరుగుతుంది. యూరప్‌లో అనుమతి ఇచ్చినప్పుడు మింగడానికి ముందూ వెనకా మూడు గంటలు ఏమీ తినొద్దన్నారు. ఒక జోడీ తిని మింగమంటుంది, ఇంకొకటి తినకుండా మింగమంటుంది. ఒకదాని నుంచి మరొకదానికి మారినప్పుడు ఆశా కార్యకర్తకు ఈ తేడా ఎవరు చెబుతారు? అట్ట రంగు మారిందని చెబుతారు. కంచం సంగతీ మారిందని చెప్పాలి కదా.

మెఫ్లోక్విన్ కలిపిన జోడీ గురించి ఎక్కువ రాయను. తల తిరగడం, వాంతులు, నిద్ర పట్టకపోవడం, కొందరికి మనసు చెదరడం అందరికీ తెలిసినవే. మోతాదును మూడు రోజులకు పంచితే వాంతులు తగ్గుతాయి. పైరోనారిడిన్ జోడీ కొత్తది. ఫాల్సిపారానికీ, వైవాక్స్ అనే ఇంకో రకం మలేరియాకూ పనికొస్తుంది, కొందరిలో కాలేయ ఎంజైములు కొన్నాళ్ళు పెరిగి తగ్గుతాయి.

అమోడయాక్విన్ జోడీ గురించి మాత్రం ఘానా ఏం చూసిందో గుర్తు చేయాలి. క్లోరోక్విన్ పని చేయకపోవడంతో ఆ దేశం 2004లో ఆర్టిసునేట్-అమోడయాక్విన్‌ను మొదటి మందుగా ఎంచుకుంది. పరీక్షల్లో అది బాగా పని చేసే మందే. 2005లో జనంలోకి వెళ్ళాక నీరసం, తల తిప్పడం, వాంతులు, ఒళ్ళు స్వాధీనం తప్పడం అంటూ గగ్గోలు లేచింది. బజారులో అమోడయాక్విన్ మోతాదు ఎక్కువగా ఉన్న మాత్రలు అగ్నికి ఆజ్యం పోశాయి. జనం ఆ మందంటేనే బెదిరారు. చివరికి ప్రభుత్వం ల్యూమెఫాంట్రిన్ జోడీని, పైపెరాక్విన్ జోడీని కూడా ప్రత్యామ్నాయాలుగా చేర్చక తప్పలేదు. ఒక దేశం మందుల విధానాన్నే మార్చిన విషయమది. అలాంటి విషయమే మందులను పోల్చే పట్టికల్లో చిన్న అక్షరాల వాక్యంగా మిగులుతుంది.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. కక్కిన ప్రతిసారీ తప్పు మందుది కాదు. మలేరియాకే వాంతులున్నాయి, తలపోటు ఉంది, తల తిరగడం ఉంది. మందు వేయక ముందు రెండుసార్లు కక్కిన పిల్ల మందు వేశాక మూడోసారి కక్కితే ఏది దేనివల్లో నేను చెప్పలేను, ఏ డాక్టరూ చెప్పలేడు. ఒకే ఊళ్ళో, ఒకే కాలంలో, చీటీలు వేసినట్టు రెండు మందులు పంచి, రెండు వైపులా కక్కినవాళ్ళను లెక్క పెడితేనే తేలుతుంది. అందుకే కాగితం మీది ఫిర్యాదు కాకుండా సరైన పోలిక చేయమని అడుగుతున్నాను. ఆ పోలిక చేయగలిగేది మీరే.

వైవాక్స్ సంగతి ఎత్తకపోతే ఈ లేఖ సగమే. అక్కడా జోడు మందే: మూడు రోజులు క్లోరోక్విన్, 14 రోజులు ప్రైమాక్విన్. కాలేయంలో దాక్కున్న క్రిమిని చంపేది ఈ ప్రైమాక్విన్. జ్వరం మూడో నాటికే పోతుంది. మిగిలిన పదకొండు రోజులు, ఏ బాధా లేని మనిషి, పరగడుపున వేస్తే కడుపులో తిప్పే మాత్రను రోజూ ఎందుకు మింగుతాడు? పొలం పనుల రోజుల్లో అసలే మింగడు. మూడు నెలలకు మళ్ళీ చలిజ్వరం. ఏడు రోజుల్లో ఎక్కువ మోతాదు ఇస్తే 14 రోజుల దానికి తీసిపోదని అఫ్గానిస్తాన్, ఇథియోపియా, ఇండోనేషియా, వియత్నాంలలో జరిగి 2019లో వెలువడిన పరీక్ష చూపింది. వారం తగ్గిందంటే ఎంత మేలో నాకు తెలుసు. కానీ రోజువారీ మోతాదు రెట్టింపు, జీ6పీడీ లోపమున్నవాళ్ళకు ప్రమాదమూ ఎక్కువే. ఆ లోపం కొన్ని గిరిజన తెగల్లో మిగతావారికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. ఒక్క మోతాదుతో సరిపోయే టాఫెనోక్విన్ ఉంది. దానికి ముందు ఎంజైము ఎంత శాతం ఉందో కొలవాలి. పైగా అది క్లోరోక్విన్‌తో జత కడితే పని చేస్తుంది. ఇండోనేషియా సైనికుల్లో పైపెరాక్విన్ జోడీతో కలిపి ఇస్తే దాదాపు ఫలితమే లేకపోయింది. ఏ మందు ఎవరి పక్కన కూర్చుందన్నది కూడా లెక్కలోకి వస్తుందన్నమాట.

“మూత్రం నల్లగా వస్తే, కళ్ళు పచ్చబడితే, పెదాలు నీలంగా మారితే ఆపేసి వెంటనే రండి” అని ప్రైమాక్విన్ ఇచ్చిన ప్రతి మనిషికీ చెప్పేవాణ్ణి. డోలీలో మోసుకు రావలసిన ఊరి మనిషికి “వెంటనే” అని చెబుతున్నప్పుడు నా గొంతు నాకే వినబడేది కాదు. మందు మొదలుపెట్టక ముందే జీ6పీడీ పరీక్ష ఊరి దగ్గర చేయగలిగితే ఆ మాట చెప్పాల్సిన అవసరమే చాలావరకు తప్పుతుంది.

తూకం గురించి ఒక మాట. రంగు అట్ట వయసును చూస్తుంది. మా దగ్గర ఆరేళ్ళ పిల్లవాడు మైదానంలో నాలుగేళ్ళ వాడంత ఉంటాడు. ఆకుపచ్చ అట్ట ఇస్తే వాడి ఒంటికి మోతాదు ఎక్కువ, కక్కడానికి అదొక కారణం. ఎదురు తప్పూ జరుగుతుంది. పైపెరాక్విన్ జోడీలో చిన్నపిల్లలకు మోతాదు చాలడం లేదని తేలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో 25 కిలోల లోపు పిల్లలకు దాన్ని పెంచింది. ఆశా కార్యకర్త సంచిలో ఒక వేలాడే తూకం ఉంటే చాలు.

2027 నాటికి దేశంలో స్థానిక మలేరియా కేసులు సున్నా కావాలని, 2030కి వ్యాధే పోవాలని మీరు లక్ష్యం పెట్టుకున్నారు. కేసులు తగ్గిన చోట ఇదివరకు కుదరని పని ఒకటి కుదురుతుంది. ప్రతి రోగినీ 28 రోజులు వెంబడించవచ్చు. వేల మందిలో నమూనా తీసే అవసరం లేకుండా, వచ్చిన ప్రతి కేసే ఒక పరీక్ష అవుతుంది. అలా వెంబడించేటప్పుడు రక్తపు చుక్కతో పాటు మూడో రోజు ఖాళీ అట్ట కూడా చూడమనండి. రిజిస్టరులో ఒక్క గడి చాలు: ఎన్ని మాత్రలు మిగిలాయి, ఎందుకు. “కక్కింది”, “జ్వరం పోయింది”, “దాచాను”, “పనికి పోయాను”, ఏది చెబితే అది, వాళ్ళ మాటల్లోనే. ఆ గడిని ఎవరినీ తిట్టడానికి వాడకూడదు. తిడితే రెండో నెల నుంచి అన్ని గడుల్లోనూ సున్నా కనిపిస్తుంది. మందులను పోల్చి మీరు వేసే నివేదికలో, నయమైన శాతం ఉన్న పట్టికలోనే కక్కినవారి సంఖ్య, తప్పించినవారి సంఖ్య, తప్పించిన కారణం వేయండి. మందు పరీక్షకు ఎంచిన ఊళ్ళలో సగం మందికైనా మొదటి మోతాదు మాత్రమే మీరు వేసి, మిగతాది ఇంట్లో వాళ్ళు తినే తిండితోనే వేసుకోనివ్వండి. రెండు సగాలకూ తేడా ఎంతో అప్పుడు తెలుస్తుంది.

చివరగా అడిగేది చాలా చిన్నది, దానికి ఏ పరీక్షా అక్కర్లేదు. కక్కితే మళ్ళీ మోతాదు వేయాలని మన మార్గదర్శకాల్లోనే ఉంది. కానీ పిల్లల అట్టలో ఆరు మాత్రలుంటే ఆరే ఉంటాయి. ఒకటి కక్కితే ఏడోది ఎక్కడి నుంచి రావాలి? ఇంకో అట్ట చింపితే అందులో మిగిలిన ఐదు మాత్రలకు స్టాకు రిజిస్టరులో చోటు లేదు. అందుకని నేను పని చేసిన చోట ఎవరూ చింపేవారు కాదు. మొదట్లో నేనూ చింపలేదు. తర్వాత చింపడం మొదలుపెట్టి, రిజిస్టరులో “వాంతి వల్ల” అని పక్కన రాసి సంతకం పెట్టేవాణ్ణి. ఆడిట్లో ప్రతి ఏడూ దానికి జవాబు చెప్పుకున్నాను. ఆశా కార్యకర్తకు ఆ ధైర్యం ఉండదు, ఉండమనడం కూడా భావ్యం కాదు.

ప్రతి ఆశా సంచిలో వాంతి అయినవాళ్ళ కోసం విడి మాత్రలు కొన్ని ఉంచడానికి, అవి ఖర్చయితే ఎవరూ సంజాయిషీ అడగకుండా ఉండడానికి ఒక్క ఉత్తర్వు ఇప్పించండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఫార్మసిస్టు
విశాఖ మన్యం